గ్రామ తపాలా కార్యాలయము - పంచాయతీ కర్తవ్యము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములు పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మెట్టసీమకు చెందినవి. ఇచ్చట పల్లెలు కొండల నడుమ, చెరువుల క్రింద దూరదూరముగా నున్నవి. పట్టణమునకు పోయి బ్యాంకులో నూరు రూపాయలు వేసి వచ్చుటకు కూలివానికి బస్సు ఛార్జీయే గాక ఒకనాటి కూలియు పోవును. ఆ నష్టమును తప్పించునది ఊరి తపాలా కార్యాలయము. కావున దాని విలువను అమ్ముడుపోయిన స్టాంపులతో గాక, గ్రామస్థులకు మిగిలిన పనిదినములతో లెక్కింపవలెను.

మన దేశమున మనియార్డరు 1880లోను, తపాలా పొదుపు బ్యాంకు 1882లోను ఆరంభమైనవి. కుప్పమునకు చేరువనున్న కోలారు బంగారు గనులకు ఈ సీమనుండి ఎందరో కూలికి వలసపోయిరి. అట్టివారు ఇంటికి సొమ్ము పంపుటకు మనియార్డరు నమ్మకమైన సాధనముగా నుండెను. ఆ గనులు 2001లో మూతపడినవి గాని వలస ఆగలేదు. కుప్పం నుండి నేటికిని అనేకులు రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవుచున్నారు.

2006లో ఉపాధి హామీ పథకము మొదటి విడతలోనే చిత్తూరు జిల్లాకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి సంవత్సరములలో ఆ కూలి తపాలా ఖాతాల ద్వారా చెల్లింపబడినది. మధ్యవర్తి చేతిమీదుగా గాక, పనిచేసినవారి పేరిటనే సొమ్ము జమ యగుట వలన అనేక స్త్రీలకు తమ పేర పాసుపుస్తకము ఏర్పడినది. ఇది ఆర్థిక లాభమే గాక సాంఘిక గౌరవము కూడ.

ఈ సీమ రైతునకు టమాటా, పాలు, పట్టుగూళ్ల వలన వచ్చు రాబడి ఒకనాడు హెచ్చు, ఒకనాడు తగ్గు. చేతనున్న చిన్న మొత్తమును నిలుపుకొనుటకు తపాలా పొదుపు అనువైనది. నెలకు 100 రూపాయలతో రికరింగు డిపాజిట్టు ప్రారంభింపవచ్చును. పదేండ్లలోపు బాలికపేర సుకన్య సమృద్ధి ఖాతాను 250 రూపాయలతో తెరువవచ్చును. గ్రామీణ తపాలా జీవిత బీమా 1995 నుండి అమలులో నున్నది. 2018లో దేశమంతట ఆరంభమైన తపాలా చెల్లింపుల బ్యాంకు వలన, ఆధార్‌తో ముడిపడిన ఏ బ్యాంకు ఖాతాలోని సొమ్మునైనను వేలిముద్ర వేసి ఊరిలోనే తీసుకొనవచ్చును. నడువలేని వృద్ధులకు ఇది గొప్ప మేలు.

అయితే శాఖా కార్యాలయము దినమునకు కొద్ది గంటలు మాత్రమే పనిచేయును. దానికి గదిని సమకూర్చు భారము సాధారణముగా శాఖా పోస్టుమాస్టరుపైననే యున్నది. క్రొత్త కార్యాలయమును మంజూరు చేయునపుడు జనాభా, దూరములతోబాటు రాగల ఆదాయమును గూడ చూచుట చిరకాలపు పద్ధతి. ఊరివారు వాడుకొనని కార్యాలయమును నిలుపుమని అడుగుటకు బలము చాలదు.

కావున పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని గలవు. వీలైనచోట పంచాయతీ భవనమున ఒక గదిని ఇప్పించుట మొదటిది. పనివేళలను, పథకములను గ్రామసభలో చదివి వినిపించుట రెండవది. ఖాతా లేని కుటుంబములను గుర్తించి చేర్పించుట మూడవది. సొమ్ము కట్టిన వెంటనే పాసుపుస్తకములో పద్దును, తేదీ ముద్రను చూచుకొనవలెనని చదువురాని వారికి నేర్పుట నాలుగవది. కష్టార్జితమునకు ఈ జాగ్రత్తయే కాపలా.

తపాలా కార్యాలయమును ఊరికి తెచ్చుట ఒక ఎత్తు, దానిని ఊరివారు వాడుకొనునట్లు చేయుట ఒక ఎత్తు. ఈ రెండవది పంచాయతీ చేతిలోనే యున్నది.