నల్లగొండ సీమయు కనెక్టికటు రాష్ట్రమును

అమెరికా సంయుక్తరాష్ట్రముల పేర్లను మన విద్యార్థులు భూగోళపాఠమున వల్లె వేయుచుందురు. రాజధాని యేది, నది యేది, పంట యేది అని యొప్పజెప్పి పుస్తకము మూయుదురు. దూరదేశమును మన యింటి కొలతతో కొలిచి చూచినగాని అది మనసున నిలువదు. అందుచే ఒక అమెరికా రాష్ట్రమును మన నల్లగొండ ప్రక్కన నిలిపి చూపఁ దలంచితిమి.

ఆ రాష్ట్రము కనెక్టికటు. దాని వైశాల్యము 14,357 చదరపు కిలోమీటర్లు. మన జిల్లా వైశాల్యము 14,240. 2010 జనగణనలో అచటి ప్రజలు 35,74,097 మంది. 2011లో మనవారు 34,88,809 మంది. ఇంత దగ్గఱ పోలిక వెదకినను దొరకుట యరుదు. 2016 అక్టోబరు 11వ తేదీన మన జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడైనది. ఈ వ్యాసమున నల్లగొండ యన్నచో పాత జిల్లా యంతయు నని చదువరులు గ్రహింపవలెను.

రెండును రాతినేలలే. కనెక్టికటు రైతులు పొలములలోని రాళ్లనేరి గట్లుగా పేర్చిరి. ఆ గోడలు నేఁటికిని అడవులలో కానవచ్చును. కాని అచట పండ్రెండు నెలలును వానయో మంచో కురియుచుండును. ఏఁటికి సుమారు 120 సెంటీమీటర్ల నీరు. మనకు 75 సెంటీమీటర్లు. అదియు చాలవఱకు నైరృతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే. కృష్ణానది మన దక్షిణపు టెల్లగా పాఱుచున్నది. మూసీ జిల్లా నడుమగా వచ్చి వాడపల్లియొద్ద దానిఁ గలియుచున్నది. ఐనను నది పల్లమున, మన మెట్ట మిఱ్ఱున. చూచుటకు నీరు, త్రాగుటకు బావి, అన్నట్లు పెక్కు తరములు గడచెను.

కావున ఇచటి పాలకులు చెఱువులు కట్టించిరి. పానగల్లును ఏలిన కందూరి చోడుల కాలపు ఉదయసముద్రము అట్టిది. దాని చేరువనున్న ఛాయాసోమేశ్వరాలయమున లింగము వెనుక పగలంతయు ఒక స్తంభచ్ఛాయ కదలక నిలుచును. పలు దిక్కులనుండి వచ్చు వెలుతురును స్తంభములతో అడ్డగించి శిల్పులు సాధించిన నేర్పది. మన బాలురు తప్పక చూడవలెను. పిదప కాకతీయులు, రాచకొండ దేవరకొండల వెలమ ప్రభువులు, గోలకొండ సుల్తానులు, నైజాములు ఏలిరి.

గోలకొండలో అబ్దుల్లా కుతుబ్షా రాజ్యము చేయుచున్న 1639లో కనెక్టికటు వలసవారు తమ పరిపాలనకు తామే నిబంధనలు వ్రాసికొనిరి. అందు ఇంగ్లండు రాజు ప్రసక్తియే లేదు. అయితే అంతకు రెండేండ్ల ముందే వారు పీక్వాటులను ఆదిమవాసులను యుద్ధమున చాలవఱకు రూపుమాపిరి. ఈ సంగతి మఱవరాదు. 1788లో ఆ సీమ సంయుక్తరాష్ట్రములలో ఐదవదిగాఁ జేరెను. నేఁడచట ఎన్నుకోబడిన గవర్నరు, రెండు శాసనసభలు కలవు. జిల్లా పరిపాలనను 1960లో ఎత్తివైచిరి. 169 పట్టణములే స్థానికప్రభుత్వములు. చిన్న పట్టణములు పెక్కింటిలో ఓటరులు ఒకచోటఁ గూడి ఆదాయవ్యయములు తామే నిర్ణయింతురు.

మనకో, జిల్లాయే సర్వము. దానికి పెద్ద పైనుండి నియమింపబడిన కలెక్టరు. జాగీర్దారులకును దేశముఖులకును వెట్టి చేసిన రైతులు 1946 మొదలు 1951 వఱకు పోరాడిరి. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లు వచ్చెను. 1959 అక్టోబరు 11న నెహ్రూ గారు మన పొరుగున మహబూబునగరు జిల్లా షాదునగరులో పంచాయతీ రాజ్యమును ప్రారంభించిరి. అచట జిల్లాపాలన పోయిన వేళకు ఇచట జిల్లాపరిషత్తు వచ్చెనన్నమాట.

ఇఁక నీటిమాట. మన గ్రానైటు శిలలలో ఫ్లోరైడు ఉన్నది. బావి లోఁతైన కొలఁదిని అది నీటఁ గలియుట హెచ్చును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో పండ్లు గారపట్టును. మిక్కిలి హెచ్చైనచో ఎముకలు వంగును. మఱ్ఱిగూడెము, మునుగోడు ప్రాంతములలో నడుము వంగిన పడుచువాండ్రను చూచినవారికి మా మాట వివరింపనక్కఱలేదు. కనెక్టికటులోనో, పిల్లల పండ్లు పుచ్చకుండుటకై త్రాగునీటిలో ఇదే పదార్థమును 0.7 మిల్లీగ్రాముల లెక్కన కలుపవలెనని శాసనము! వారు కొలిచి పోసికొనుచున్నారు; మనకు రాయి కొలువక పోసినది.

నాగపురపు పరిశోధనసంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి ఈ దోషమును తగ్గించు ఉపాయమును కనుఁగొనిరి. 'నల్లగొండ పద్ధతి' యను పేర అది ఆఫ్రికాలోని టాంజానియా వఱకు పోయెను. అసలైన మందు కృష్ణనీరే. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలినపుడు మిర్యాలగూడ, హుజూరునగరు మాగాణులైనవి. మిఱ్ఱుననున్న మునుగోడు ఎప్పటివలెనే యుండెను. యంత్రములక్కఱలేక శ్రీశైలపు నీటిని తెచ్చుటకు సుమారు 44 కిలోమీటర్ల సొరంగము తలపెట్టిరి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంటవైపున దాని పైకప్పు కూలి ఎనిమిదిమంది పనివారు లోపలఁ జిక్కి మరణించిరి. వారిలో పెక్కుమంది దూరప్రాంతములనుండి మన నీటికొఱకు వచ్చి త్రవ్వినవారు.

సాగరమునుండి యంత్రములతో ఎత్తిన నీరు అక్కంపల్లి జలాశయము చేరి, అచటినుండి పానగల్లునకు వచ్చుచున్నది. చోడులనాఁడు వాననీటికై కట్టిన ఉదయసముద్రమున ఇపుడు కృష్ణ నిలుచుచున్నది.