చైనీయుల మూలాలు: హాన్‌లు ఎవరు?

బెంగళూరులో సివిల్స్‌కు చదువుతున్న మన పిల్లలారా, చైనీయులంటే ఒకే జాతి అనుకోవద్దు. అక్కడ అధికారికంగా గుర్తించిన జాతులు 56. 2020 జనగణనలో హాన్‌లు సుమారు 91 శాతం. మైనారిటీల్లో జువాంగ్‌లు అతిపెద్ద సమూహం.

క్రీ.పూ. 206లో మొదలైన హాన్ రాజవంశం హాన్‌లకు పేరిచ్చింది. మూలాలు అంతకంటే ఎంతో పాతవి. హ్వాంగ్‌హో లోయలో యాంగ్‌షావ్ సంస్కృతి రైతులు కొర్రలు, వరిగలు పండించారు. యాంగ్‌ట్సీ లోయ వారు వరి పండించారు. శతాబ్దాల వలసలు, వియ్యాలు, పాలన ఈ జనాలను కలిపాయి. నా దృష్టిలో అసలు కీలకం ఈ కలయికే. అన్యాంగ్‌లో దొరికిన షాంగ్ రాజవంశ కాలపు జోస్యపు ఎముకల రాతలు ఈ మూలాలకు ముఖ్య ఆధారం.

పెకింగ్ మానవుణ్ణి హాన్‌ల పూర్వీకుడని రాయకండి. అతడు మనకంటే వేరైన మానవ జాతి, హోమో ఎరెక్టస్.