ఒకరు మానవలెనన్న నలుగురు మోయవలెను

పఠన భాగము: మార్కు 2:1–12



పక్షవాయువుగల మనుష్యుడు తనంతట తాను ప్రభువునొద్దకు రాలేకపోయెను. నలుగురు అతనిని మోసికొని వచ్చి, జనులు అడ్డుగా నుండగా ఇంటికప్పు విప్పి దించిరి. పొగాకునకు బానిసలైన వారి విషయములో మనము ఈ నలుగురిని మరచుచున్నాము. మానుమని చెప్పుదుము గాని, మోయుటకు చేయి వేయము.

ముందుగా మా తప్పు ఒప్పుకొందుము. మా సంఘములోని ఒక వృద్ధురాలు చిన్ననాటినుండి అడ్డపొగ త్రాగెడిది; అనగా చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చెడిది. ఉత్తరాంధ్ర పల్లెలలో స్త్రీలకు ఇది పాత అలవాటు. ఒక ఆదివారము ప్రసంగములో పేరు చెప్పకయే ఆమెను గద్దించితిమి. ఎవరిగూర్చియో అందరికిని తెలిసెను. మూడు వారములు ఆమె ఆరాధనకు రాలేదు, చుట్టయు మానలేదు.

ఈ అలవాటు అల్పమైనది కాదు. శ్రీకాకుళముతోకూడ ఐదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిన పరిశోధన 1969లో వెలువడెను. నోటి క్యాన్సర్ దాదాపుగా పొగాకు వాడువారిలోనే కనబడెను. అడ్డపొగ త్రాగువారికి అంగిలిలో వ్యాధి పుట్టుచుండెను. తరువాత పరిశోధకులు ఏటేట ఇంటింటికి వెళ్లి, నోరు చూచి, ఓపికతో బోధించిరి. మానినవారిలో క్రొత్త మచ్చలు తగ్గెను. ఇంటికి వెళ్లిన మాటకు అట్టి బలము కలదు.

మేమును ఆమె ఇంటికి వెళ్లి, “మామ్మా, నలుగురిలో నిన్ను నొప్పించితిమి, క్షమించు” అంటిమి. ఆమె, “మానాలని నాకు మాత్రం లేదా అయ్యగారూ? తెల్లారేసరికి చెయ్యి దానికేసే పోతాది” అనెను.

అప్పుడు నలుగురు ముందుకు వచ్చిరి. కోడలు ఇంటిలోని చుట్టలు, అగ్గిపెట్టె తీసివేసి, వేయించిన శనగలు కొంగున కట్టెను. పొరుగింటామె వేకువనే వచ్చి కబుర్లతో కూర్చుండెను. ఆశా కార్యకర్త ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయి అంగిలి చూపించెను. కొట్టు యజమాని మన సంఘమువాడు కాడు. అయినను చుట్టలు అరువిచ్చుట మానెను.

పదియవ దినమున ఒక చావు ఇంట ఆమె మరల త్రాగెను. ఎవరును దెప్పలేదు. మరునాడు మరల మొదలుపెట్టిరి. ఇప్పటికి ఎనిమిది నెలలాయెను. ఇంకను ఒక్కొక్కప్పుడు నోరు లాగునని ఆమెయే చెప్పును. పరీక్షలకు వెళ్లుచునే యున్నది.

దీనినుండి నేర్చుకొనవలసినవి:

1. ఇది కేవలము మొండితనము కాదు. నికోటిన్ మెదడును అలవాటునకు కట్టివేయును. మానిన మొదటి దినములు మిక్కిలి కష్టము. అయితే ఒక్కొక్క తహతహ కొద్ది నిమిషములలో తగ్గును. ఆ నిమిషములలో తోడు కావలెను.

2. తప్పిపోయిన దినము ఓటమి కాదు. ఆ దినముననే పలకరింపు ఎక్కువ అవసరము.

3. వైద్యసహాయము కోరుట అవిశ్వాసము కాదు. 1800-11-2356 అను ప్రభుత్వ ఉచిత ఫోను ద్వారా మానుటకు సలహా దొరకును.

ఆలోచించుడి: మన వీధిలో మానవలెనని కోరుచు మానలేకున్నవారెవరు? వారి మంచపు నాలుగు కోళ్లలో మనము పట్టవలసినది ఏది? ఈ వారమే వారి ఇంటికి వెళ్లుదము. గద్దించుటకు కాదు, కూర్చుండుటకు.