కాలువలు కట్టేసిన వేసవిలో గాలం

చిరంజీవి మేనల్లుడికి,



మే నెలలో అమ్మతో కలిసి వస్తున్నావనీ, గాలం సామాను కూడా సర్దుకుంటున్నావనీ తెలిసి ఇక్కడ తెనాలిలో అందరికీ సంతోషం. అమెరికాలోని టాహో సరస్సులో ట్రౌట్ చేపని పట్టిన చేతికి మన కాలువలు కొత్త. అక్కడ నేర్చుకున్నదాంట్లో కొంత ఇక్కడ పనికొస్తుంది, కొంత బొత్తిగా పనికిరాదు. ఆ తేడా ముందే తెలిస్తే సెలవులు వృథా కావు, చేపలకీ అన్యాయం జరగదు.

టాహో లోతు 501 మీటర్లు. ఎండాకాలం పైనీళ్లు వెచ్చబడగానే అక్కడి ట్రౌట్ చల్లదనం వెతుక్కుంటూ అడుక్కి దిగిపోతుంది. పడవల వాళ్లు దారానికి బరువు కట్టి లోతుకి ఎరను దింపేది అందుకే. చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకి పడిపోతుంది. మన మడుగుల్లో మే నెల మధ్యాహ్నం నీళ్లు ఆ 30 డిగ్రీలూ దాటేస్తాయి. పారిపోదామంటే లోతు లేదు. అందుకని ఇక్కడి మొండి చేపలు నీటిపైకొచ్చి నేరుగా గాలే పీల్చుకుంటాయి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి ఈ బాపతు.

మన నీళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. బెజవాడ దగ్గర కృష్ణకి 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. సీతానగరం వైపు బయల్దేరే పశ్చిమ డెల్టా కాలువ దుగ్గిరాల దగ్గర చీలి, తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులన్నిటికీ నీళ్లిస్తుంది. వేసవిలో ఈ కాలువలు కట్టేస్తారు. ప్రవాహం ఆగిపోతుంది, గట్ల మరమ్మతులు మొదలవుతాయి, లాకుల కిందా వంతెనల కిందా లోతైన చోట్ల మాత్రం మడుగులు మిగులుతాయి. వానాకాలంలో ఎర్రగా పారిన నీళ్లు అక్కడ తేరుకుని అడుగు కనిపించేంత తేటగా ఉంటాయి. మైళ్ల పొడుగు కాలువలో తిరిగిన చేపలన్నీ ఆ కాస్త నీళ్లలో ఇరుక్కుని ఉంటాయి.

వేసవి గాలంలో సులువూ, పాపమూ రెండూ అక్కడే ఉన్నాయి.

తేట నీళ్లలో చేపకి మనిషి నీడ ఇట్టే తెలుస్తుంది. గట్టు అంచున నిలబడకూడదు, నాలుగడుగులు వెనక్కి ఉండి కర్ర విసరాలి. దారం సన్నగా ఉండాలి, చొక్కా రంగు మాసినట్టు ఉంటే మంచిది. నీటిమీది తళుకును తగ్గించే పోలరాయిడ్ కళ్లద్దాలు టాహోలోలాగే ఇక్కడా అక్కరకొస్తాయి. వేళ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. రాత్రంతా నాచు, గుర్రపుడెక్క కూడా ప్రాణవాయువునే వాడుకుంటాయి కనక తెల్లవారుజామున నీళ్లలో అది బాగా తగ్గిపోతుంది. ఆ వేళ బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెరుచుకుని నీటిపైన తేలుతుంటే అవి మేతకి వచ్చాయనుకోకు, ఊపిరాడక వచ్చాయి. చేపల చెరువుల రైతులు రాత్రిపూట ఏరేటర్లు తిప్పేది ఈ గండం గడవడానికే. అలాంటప్పుడు ఎర వేసినా ముట్టవు. పొద్దెక్కిన గంటా రెండు గంటల తరవాత వేస్తే ముడతాయి.

కొర్రమీనుకి ఈ బాధ లేదు. మొప్పల పైన దానికి గాలి నింపుకునే అర ఒకటి ఉంటుంది. కొన్ని నిమిషాలకోసారి పైకొచ్చి, మూతి మాత్రం బయటపెట్టి, ఒక గుక్క గాలి మింగి లోపలికి పోతుంది. నీటిమీద చిన్న సుడి, ఒకటో రెండో బుడగలు, అంతే. అలవాటున్నవాళ్లు ఎర వేసేముందు ఆ సుడి కోసమే చూస్తారు. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఈ చేప నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది. మడుగు ఎండిపోతే మాత్రం తడి బురదలో దూరి వాన కోసం కాచుకుని ఉంటుంది. బజారులో దాన్ని బతికుండగానే అమ్మగలుగుతున్నది ఈ గుణం వల్లే. తెలంగాణ దీన్నే తమ రాష్ట్ర చేపగా ఎంచుకుంది.

కప్పలంటే దానికి ప్రాణం. పూర్వం బతికున్న కప్పపిల్లనే గాలానికి గుచ్చేవాళ్లు. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, ఆ హింస అక్కర్లేదు. గుర్రపుడెక్క అంచున దాన్ని గెంతించుకుంటూ లాగితే కింద నీరు ఉబ్బుతుంది. ఆ క్షణాన తొందరపడి లాగితే ఉత్త కప్పే ఒడ్డుకొస్తుంది. చేప మింగి తల తిప్పేదాకా ఆగాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తొలకరి పడ్డాక నాచు మధ్య మూరెడు మేర శుభ్రం చేసుకుని కొర్రమీను గుడ్లు పెడుతుంది. అవి నీటిమీద తేలతాయి, ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఎర్రటి పిల్లలు వందల కొద్దీ ఒకే గుంపుగా, నీళ్లు మరుగుతున్నట్టు పైకీ కిందకీ ఆడుతుంటాయి. వాటి కిందే పెద్ద చేప కాపలా తిరుగుతుంది. ఆ గుంపు మీద కప్పని విసిరితే ఆకలి లేకపోయినా పిల్లల్ని కాచుకోవడానికి అది వచ్చి కరుస్తుంది. ఇంత తేలిగ్గా కొర్రమీను మరెప్పుడూ దొరకదు, అందుకే చాలామంది అప్పుడే పడతారు. పెద్దది పోయిన గంటలోనే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. ఎర్ర గుంపు కనిపిస్తే మన ఇంటివాళ్లెవరూ గాలం తియ్యకూడదు. ఎవరైనా తీస్తే చెప్పి ఆపాలి.

మోటార్లు పెట్టి మడుగు నీళ్లు తోడేసి, చిటికెన వేలంత పిల్లతో సహా ఊడ్చుకుపోయేవాళ్లున్నారు. కరెంటు తీగ నీళ్లలో వేసేవాళ్లు, మందు కలిపేవాళ్లు కూడా ఉన్నారు. తూటాలతో, విషంతో చేపల్ని చంపడం 1897 నాటి చేపల చట్టంతోనే నేరమైంది. అయినా ఆగలేదు. మే నెల మడుగులో బతికి మిగిలిన చేపలే, కాలువ వదిలాక ఊళ్లన్నిటికీ విత్తనం. ఆ సంగతి తెలిసినవాడు తన కూరకి సరిపడా ఒకటి రెండు తీసుకుని కర్ర చుట్టేస్తాడు.

ఒకసారి పోయిన చేప మళ్లీ రావడం ఎంత కష్టమో నువ్వు చేపలు పట్టిన టాహోనే చెబుతుంది. అక్కడి సొంత ట్రౌట్ లాహాంటన్ కట్‌త్రోట్. విపరీతంగా పట్టేయడం, గుడ్లు పెట్టే వాగులు పాడవడం, బయటినుంచి తెచ్చి వదిలిన లేక్ ట్రౌట్ దాన్ని తినేయడం, అన్నీ కలిసొచ్చాయి. 1939 నాటికి ఆ సరస్సులో అది లేకుండా పోయింది. నువ్వు గర్వంగా ఫోటో పంపిన చేప ఆ బయటినుంచి వచ్చిన జాతిదే. మన కాలువల్లోనూ అలాంటి చుట్టాలున్నాయి. తిలాపియా 1952లో మన దేశానికొచ్చింది. పెంచకూడదని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా తప్పించుకుని నీళ్లలో కలుస్తోంది. ఇవి పడితే తిరిగి వదలొద్దు.

ఇంగిలాయి పడితే చేత్తో పట్టుకోకు. రెక్కల ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యంతా మండిపోతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి దిగుతుంది. ఆ తరవాత డాక్టరుకి చూపించాలి. పంచాయతీ చెరువుల్లో వేలం పాట పాడుకున్నవాళ్లని అడక్కుండా గాలం వేయకూడదు. మంచినీటి చెరువు జోలికి అసలు పోకూడదు.

రేపల్లె వెళితే పెనుమూడి రేవు వేరే లోకం. అక్కడ కృష్ణలో సముద్రపు పోటు తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు జోరుగా ఉంటుంది. పోటు తిరిగే వేళ పండుగప్ప కోసం చూడొచ్చు. ఈ చేపకో విచిత్రం ఉంది. మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్లకి ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్ద పండుగప్ప దాదాపుగా తల్లి చేపే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపువీ, 120 దాటినవీ వదిలేయాలని నియమం పెట్టారు. టేపు ఒకటి సంచీలో పెట్టుకుంటే మనమూ ఆ లెక్క పాటించొచ్చు.

బాపట్ల సూర్యలంకలో ఒడ్డున నిలబడి వేసుకోవచ్చు గానీ మోకాలు దాటి లోపలికి దిగడానికి వీల్లేదు. ఆ అలలు ఎందరినో లాక్కుపోయాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకి నిషేధం. నిజాంపట్నం హార్బరులో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. సముద్రంలోకి పడవలో తీసుకెళ్లమని అక్కడ ఎవరినీ అడగొద్దు. వాళ్లు రెండు నెలల సంపాదన వదులుకుని కూర్చున్నారు.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు ఉండాల్సిందేనని అమ్మమ్మ పట్టు. అవి కొర్రమీను గుడ్లకి సిద్ధమయ్యే రోజులు కనక పులుసుకి చెరువులో పెంచిన శీలావతిని బజారు నుంచి తెద్దాం. నువ్వు వచ్చేటప్పుడు ఎదురుముల్లు లేని గాలాలు ఓ డజను తీసుకురా. వదలాల్సిన చేప నోరు చీరకుండా అవి సులువుగా ఊడివస్తాయి. వెదురు కర్రలు ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి.

ఆశీస్సులతో,
మావయ్య
తెనాలి