బొంబాయి రవ్వ సరే, బయోడేటాలో మాత్రం ముంబై

మొన్న సాయంత్రం మా సదాశివనగర్‌లో ఒక తమ్ముడు బయోడేటా పట్టుకొని వచ్చాడు. ఎనిమిదేళ్లు షార్జాలో ఏసీ మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. మళ్లీ పోవాలని చూస్తున్నాడు. కాగితం మీద అనుభవం దగ్గర ‘దుబాయ్, ఎనిమిదేళ్లు’ అని ఉంది. జత చేసిన సర్టిఫికెట్‌లో మాత్రం కంపెనీ అడ్రస్ షార్జా.

“పని చేసింది షార్జాల గదా, దుబాయ్ అని ఎందుకు రాసినవ్ తమ్మీ?” అన్నాను.

“ఊర్లె అందరు దుబాయే అంటరు గదన్నా.”

అది నిజమే. మస్కట్ పోయినా, దోహా పోయినా మన దగ్గర ‘దుబాయ్ పోయిండు’ అనే అంటాం. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అని తెలంగాణ వలస బతుకును మూడు మాటల్లో చెప్పుకున్నవాళ్లం మనం. నోటిమాటకు ఆ వాడుక సరిపోతుంది. బయోడేటా చదివే ఆఫీసరు మాత్రం మీ నోటిమాట వినడు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని చూస్తాడు. ఒకదాంట్లో దుబాయ్, ఇంకోదాంట్లో షార్జా కనిపిస్తే, ఏదో దాస్తున్నాడనుకుంటాడు.

కాబట్టి మొదట ఊరు గడి, దేశం గడి వేరుచేసుకోండి. దుబాయ్ దేశం కాదు. ఊరి గడిలో దుబాయ్ గానీ షార్జా గానీ రాసి, దేశం గడిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అని పూర్తిగా రాయాలి. మస్కట్ అయితే దేశం ఒమన్, దోహా అయితే ఖతార్, జెద్దా అయితే సౌదీ అరేబియా. కువైట్ ఒక్కటే చిక్కు, ఊరికీ దేశానికీ అదే పేరు. అక్కడ ఊరి గడిలో కువైట్ సిటీ అని రాస్తే గందరగోళం ఉండదు.

ఇక బొంబాయి. 1995 నుంచి ఇంగ్లిష్‌లో కూడా అధికారిక పేరు ముంబై. మద్రాసు ఆ మరుసటి ఏడు చెన్నై అయింది, కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. మీరు అక్కడ పనిచేసింది 1990లోనే అయినా, ఈరోజు రాసే బయోడేటాలో ఊరి పేరు ముంబై అనే రాయండి. ఇంటర్వ్యూలో కూడా అదే మంచిది, ఎదుట కూర్చున్నది మరాఠీ మనిషైతే మరీ. 2009లో ఒక హిందీ సినిమాలో పాత్రలు ‘బాంబే’ అన్నందుకు నిర్మాత కరణ్ జోహార్ రాజ్ ఠాక్రేకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఉప్మా చేసేటప్పుడు బొంబాయి రవ్వ అనండి, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు.

అయితే ఊరి పేరు మారితే ఆ ఊళ్లోని సంస్థల పేర్లన్నీ మారలేదు. హైకోర్టు ఇప్పటికీ బాంబే హైకోర్టే. ఐఐటీ బాంబే, ఐఐటీ మద్రాస్, మద్రాస్ హైకోర్టు పాత పేర్లతోనే నడుస్తున్నాయి. కొచ్చిన్ ఊరు కొచ్చి అయింది, షిప్‌యార్డ్ మాత్రం కొచ్చిన్ షిప్‌యార్డే. విమానం టికెట్ మీద ముంబైకి బీఓఎం అనే ఉంటుంది, అది చూసి కంగారు పడొద్దు. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సీసీటీ చూడండి, అందులో ఇంగ్లిష్‌వాళ్ల ‘కోకనాడ’ ఇంకా కూర్చునే ఉంది. పాత డిగ్రీ మీద యూనివర్సిటీ ఆఫ్ బాంబే అని ఉంటే అలాగే దించి, పక్కన బ్రాకెట్లో ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ ముంబై అని చేర్చండి. మనంతట మనం దిద్దితే సర్టిఫికెట్‌తో కలవదు.

విశాఖ దగ్గర నేనే దెబ్బతిన్నాను. ఉద్యోగం కొత్తలో ఒక దరఖాస్తులో ఆ పేరు విన్నట్టే రాశాను, ‘శ’ కదా అని ఎస్ పక్కన హెచ్ పెట్టి. అనుభవ పత్రంలో ఒక రకం, దరఖాస్తులో ఒక రకం ఉందని కాగితాలు తిప్పి పంపారు, మూడు వారాలు పోయాయి. అప్పటినుంచి నాకు ఒక గుర్తు: విశాఖపట్నం ఇంగ్లిష్‌లో పదమూడు అక్షరాలు, వాటిలో హెచ్ ఒక్కటే, అది కే తర్వాత వస్తుంది. ఎస్ తర్వాత రాదు. మన సదాశివనగర్‌లోని ‘శ’కు చాలామంది ఎస్‌హెచ్ రాస్తారు, అక్కడి ‘శ’కు ఎస్ ఒక్కటే. ఇదేం న్యాయం అంటే నా దగ్గర జవాబు లేదు, పేరు ఎలా స్థిరపడిందో అలా రాయాల్సిందే.

వైజాగ్ అనొచ్చా? అనొచ్చు. ఫోన్లో, వాట్సాప్‌లో, తోటి ఉద్యోగికి పెట్టే మెయిల్‌లో ‘సోమవారం వైజాగ్ వస్తున్నా’ అంటే తప్పు లేదు. దరఖాస్తు, బిల్లు, అడ్రస్, అఫిడవిట్ దగ్గర మాత్రం పూర్తి పేరు. సంస్థ పేరు ఎప్పుడూ అపాయింట్‌మెంట్ లెటర్ చూసి రాయండి. ఉక్కు ఫ్యాక్టరీని అందరం వైజాగ్ స్టీల్ అంటాం, కంపెనీ పేరు రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్. వాల్తేరు స్టేషన్ పేరు ఎన్నడో విశాఖపట్నం అయింది, అయినా పాత కాగితాల్లో వాల్తేరు అని ఉంటే దాన్ని కొట్టేయకండి.

ఆ తమ్ముడి కాగితం ఇద్దరం కూర్చొని దిద్దాం. షార్జా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. లేచేముందు అడిగాడు, “అన్నా, పాస్‌పోర్టుల పుట్టిన జిల్లా నిజామాబాద్ ఉన్నది, ఇప్పుడు మనది కామారెడ్డి గదా?”

కామారెడ్డి జిల్లా అయ్యింది 2016 అక్టోబర్ 11న. వాడు పుట్టేనాటికి మాది నిజామాబాద్ జిల్లానే. బయోడేటాలో పుట్టిన చోటు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంచమని, ఇప్పటి అడ్రస్ దగ్గర కామారెడ్డి రాయించాను. సదాశివనగర్ స్పెల్లింగ్ ఆధార్‌లో ఒక తీరు, పాస్‌పోర్టులో ఒక తీరు ఉంది. పాస్‌పోర్టుదే దించుకొమ్మన్నాను.