పంట కాపలాకు దుర్భిణి నెన్నుకొనుట

తుపాకిపై బిగించు దుర్భిణులలో ఏది మేలైనదని కొందరు సభ్యులు మమ్ము అడుగుచున్నారు. మా అభిప్రాయము ముందుగనే చెప్పుచున్నాము. కాపలాదారునికి కావలసినది తుపాకి దుర్భిణి కాదు. రెండు కన్నులతో చూచు జంట దుర్భిణి.

తుపాకి దుర్భిణితో దేనినైనను చూడవలెనన్న, గొట్టమును దానివైపు త్రిప్పక తప్పదు. మసకవేళ జీడితోటలో కదలునది పందియో, ఎలుగుగొడ్డో, పుల్లలేరుకొను పొరుగింటి ముసలమ్మయో తెలియకమునుపే ఆమె రొమ్మునకు గురిపెట్టినట్లగును. రైఫిలు వేట విరివిగా సాగు దేశములలో సయితము, చూచుటకు జంట దుర్భిణి వేరుగ నుంచుకొనుమని ఇందుచేతనే బోధింతురు. 1959 నాటి ఆయుధముల చట్టము పంటరక్షణకని పేర్కొనునది మందు కూరి పేల్చు తుపాకిని. గుండ్లు చెదరిపోవు ఆ తుపాకికి దూరపు గురి అద్దము బిగించుట నాగలికి గడియారము కట్టుటవంటిది. అదియునుగాక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఎలుగుగొడ్డు, అడవిపంది, నక్క మూడును రక్షింపబడుచున్నవి. అధికారుల అనుమతి లేక వేటాడరాదు. ప్రాణాపాయమున ఆత్మరక్షణకై చంపుట మాత్రము నేరము కాదు.

2022 జూన్ నెలలో శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగి గ్రామమున ఎలుగుగొడ్డు ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరచెను. పట్టుబడిన పిమ్మట ఆ జంతువును విశాఖపట్టణమునకు కొనిపోవుచుండగా అదియును చచ్చెను. ఎలుగుగొడ్డునకు చూపు మందము. చెదలపుట్ట త్రవ్వునపుడు మనిషి రాకను గమనింపదు. దగ్గరకు వచ్చినవానిని హఠాత్తుగా చూచి, బెదరి మీదపడును. కావున తోటలో అడుగిడకముందు గట్టుమీద నిలిచి నాలుగువైపుల పరికించుటయే దుర్భిణి చేయు మేలు. పిమ్మట బిగ్గరగా మాటలాడుచు లోనికి పోవలెను.

ఇక ఎన్నిక సంగతి. దుర్భిణిపై 8×40 అని యుండిన, మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపునో తెలుపును. రెండవది ముందరి అద్దము వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవదానిని మొదటిదానిచే భాగింపుడు. 5 వచ్చును. కంటికి చేరు వెలుగు కడ్డీ మందము అదియే. చీకటిలో పడుచువాని కనుపాప 7 మిల్లీమీటర్లవరకు విచ్చును; వయసు మీరినవారికి 5 గాని అంతకు తక్కువగాని. కనుక 10×25 పగటికి బాగుండినను సందెవేళ మసకబారును. 7×50 వెలుగునిచ్చును గాని బరువు. మన మంచె కాపలాకు 8×40 చాలును. రెట్లు పెరిగినకొలది చేతివణకు పెరుగును, కనబడు మేర కుంచించుకొనిపోవును. 50 రెట్లు, 100 రెట్లు అని వ్రాసిన చౌక సరుకును చూచి మోసపోవద్దు. ఎఱ్ఱగా మెఱయు అద్దములు కంటికింపుగా నుండును. కాని అవి ఎఱ్ఱని వెలుగును త్రిప్పికొట్టును. సాయంసమయమున అట్టివి పనికిరావు.

దుకాణములో దుర్భిణిని కంటికి జానెడు దూరమున ఆకాశమువైపు పట్టి చూడుడు. కంటివైపు అద్దములలో వెలుగుబిళ్ల గుండ్రముగ నుండవలెను. అంచులు కోసినట్లు చతురముగ నుండిన లోపలి గాజు తక్కువరకము. సాధ్యమైన, పొద్దుగ్రుంకిన పిమ్మట దుకాణము వెలుపల దూరపు చెట్టును చూచి పరీక్షించుట మఱియు మంచిది. ఎడమకన్నుతో చూచుచు నడిమి చక్రమును, పిదప కుడికన్నుతో కుడి గొట్టపు త్రిప్పుడును సరిచేయవలెను. కండ్లజోడు పెట్టువారు రబ్బరు అంచును మడవవలెను.

సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున అద్దములకు బూజు త్వరగా పట్టును. నీరు చొరనిదై, లోపల నైట్రోజను వాయువు నింపినది కొంచెము వెల హెచ్చైనను కొనదగినది. తోలుసంచిలో మూసియుంచక గాలి ఆడుచోట పెట్టవలెను. దుమ్మును ఊదిగాని తుడువరాదు; ఇసుకతో కూడిన తువాలుతో రుద్దిన అద్దము గీతలుపడును. ఒక్కొక్కరు కొనజాలనిచో, గ్రామ సంఘము ఒకటి కొని కాపలా వంతు వచ్చినవానికి సంతకముపై ఇచ్చుచు, ఉదయమున తిరిగి పుచ్చుకొనవచ్చును.