అన్ని సాంచాలకూ డాబీ ఎందుకు?

అల్లునికి,

షెడ్డుల ఉన్న పదహారు సాంచాలకూ (మరమగ్గాలకూ) అప్పు తెచ్చి, చీర మీద డిజైన్ తీసే డాబీలు బిగిస్తవని మీ అమ్మ చెప్పింది. ఏ ఆర్డరొచ్చినా నేయొచ్చని నీ లెక్క. ఆ లెక్కల సాంచా ఉంది గాని మనిషి లేడు. పాలిస్టర్ గుడ్డ నడిపేటప్పుడు చూసినన్ని సాంచాలు డాబీ చీర మీద ఒక్క మనిషి చూడలేడు. పోగు తెగింది కనపడకపోతే డిజైనే పాడైతది.

రకాలు కావాలంటే ముందు పేకల చూడు. నాడెల కండె మారిస్తే రంగు మారుతది. పడుగు అట్ల కాదు, బీము ఎక్కిందంటే అయిపోయేదాకా అదే. పోగులు దూరే అచ్చు, పోగుల లెక్క మారకపోతే పాత కొసలకు కొత్త పోగులు ముడేసుకుంట పోవచ్చు. అచ్చు మారిందా, వేల పోగులు ఒక్కొక్కటి మళ్ల తీయాలె. అందాక సాంచా ఆగుతది, వడ్డీ ఆగదు. అందుకే ఒకే అచ్చుకు పడే ఆర్డర్లు వెంట వెంట ఎక్కించు.

1995లో జనరల్ మోటార్స్‌ల పనిచేసే విలియం జోర్డాన్, ఎంఐటీ ప్రొఫెసర్ స్టీఫెన్ గ్రేవ్స్ కలిసి కార్ల ఫ్యాక్టరీల మీద, అన్నిట్ల అన్ని రకాలు చేసుడు అవసరమా అని లెక్క కట్టిన్రు. ప్రతి ఫ్యాక్టరీ అన్ని కార్లు చేయనక్కర్లేదు. ఒక్కోటి రెండేసి రకాలు చేస్తూ, ఆ రకాలు గొలుసు లెక్క కలిసి ఉంటే చాలు, అన్నీ చేయగలిగితే వచ్చే లాభంల దాదాపు అంతా వస్తదని తేల్చిన్రు. అట్లనే నీ పదహారు సాంచాలల నాలుగింటికి డాబీలుంటే చాలు.

ఇంకోటి. 2017ల సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు మొదటిసారి వచ్చినప్పుడు మన సిరిసిల్ల ఒక్కటే అంత సరుకు ఇయ్యలేకపోయింది, సూరత్ నుంచి కూడా తెచ్చిన్రు. తర్వాత మనోళ్లు ఏటా కోటి దాకా చీరలు నేసే కాడికి ఎదిగిన్రు. 2024ల ఆ చీరలు లేవు. ఎక్కువ నేయడం నేర్చినం గాని, తక్కువ నేసి నిలబడుడు నేర్వలేదు. నెల నెల కిస్తీ కట్టాల్సిన షెడ్డుకు అది ఇంకా కష్టం, ఎన్ని డాబీలున్నా.

పైసలు పెట్టేదుంటే మనుషుల మీద పెట్టు. కండెలు చుట్టేటోళ్లకు ముడేసుడు నేర్పియ్యి, సాంచా నడిపేటోనికి డాబీ సరిచేసుడు. కూలి మాత్రం పెంచు. రెండు పనులొచ్చినోనికి ఒక్క పని కూలే ఇస్తే సాంచాల పనికి భీవండి బస్సెక్కుతడు.

ఇట్లు,
మీ మామ